పెరటి గుమ్మం గుండా దొరల ఇళ్ళలోకి

మా తాతగారు ఒక జమీందారు దివాణంలో గుమాస్తా. వీధి మలుపులోనే చెప్పులు విప్పి చేత పట్టుకుని, పక్క గుమ్మంలోంచి కచేరీలోకి వెళ్ళేవారట. ముప్ఫై ఏళ్ళ కొలువులో సింహద్వారం ఒక్కసారీ దాటలేదని నాన్న చెప్పేవారు. 2025 జూన్‌లో బర్మింగ్‌హామ్‌లో అమ్మాయి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అల్లుడు, "మామయ్యా, లండన్ అందరూ చూసేదే. మీకు ఇంగ్లండు జమీందార్ల ఇళ్ళు చూపిస్తా పదండి" అన్నాడు. అమ్మాయికి సెలవు దొరకలేదు. నేనూ, మా ఆవిడా, అల్లుడూ కారులో నాలుగు రోజులు తిరిగాం. అటు వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని చూసినవీ తిన్నవీ పడుకున్నవీ రాస్తున్నా. మధ్యలో నా సొద కూడా ఉంటుంది, ఓర్చుకోండి.

ముందు టిక్కెట్ల సంగతి. ఇలాంటి ఇళ్ళు చాలావరకు నేషనల్ ట్రస్ట్ చేతిలో ఉన్నాయి. అది సర్కారు శాఖ కాదు, 1895లో పుట్టిన ధర్మసంస్థ. సభ్యులే యాభై లక్షలకు పైన. బయటి దేశాల నుంచి వెళ్ళేవాళ్ళకి వారానికో రెండు వారాలకో టూరింగ్ పాస్ ఇస్తారు. రెండు మూడు ఇళ్ళు చూడాలనుకుంటే అదే తీసుకోండి. చాట్స్‌వర్త్‌లాగా సొంత ట్రస్టు ఉన్న చోట మాత్రం ఆ పాస్ చెల్లదు.

అసలు దొరలు ఇళ్ళెందుకు ఇచ్చేశారంటే, పన్ను దెబ్బ. మన దగ్గర 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీందారీలు ఒక్క వేటుకి పోయాయి. విజయనగరం కోటలో ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. బ్రిటన్‌లో అలాంటి చట్టమేదీ రాలేదు. పెద్దాయన పోతే వారసుడి మీద చావు పన్ను వేశారు, అంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాగా పెద్ద ఎస్టేట్ల మీద అది నూటికి ఎనభై దాకా వెళ్ళింది. ఇరవయ్యో శతాబ్దంలో వెయ్యికి పైగా భవంతులు కూలగొట్టేశారు. 1937లో వచ్చిన చట్టం ఇంకో దారి చూపించింది. ఇల్లు ట్రస్టుకి రాసిచ్చి, నీ కుటుంబంతో అందులోనే ఒక వాటాలో ఉండు, జనాన్ని మాత్రం లోపలికి రానివ్వు అని.

మొదటి మజిలీ ష్రూస్‌బరీ. ఊరు ముచ్చటగా ఉంది, ఒక పూట తిరగడానికి చాలు. నడిబొడ్డున చౌకులో రాబర్ట్ క్లైవ్ విగ్రహం, 1860లో పెట్టింది. 2020లో దాన్ని తీసేయమని జనం సంతకాలు పెట్టారు, కౌన్సిల్ ఉంచేద్దామంది. దాని కింద కూర్చుని ఇద్దరు కాలేజీ పిల్లలు చిప్స్ తింటున్నారు. పైనున్నాయన ఎవరో తెలుసా అని అల్లుడు అడిగితే, "ఎవరో సైనికుడనుకుంటా" అన్నారు.

మాకు తెలుసు. విజయనగరం రాజా ఆనంద గజపతి సాయం కోరితే కలకత్తా నుంచి ఫోర్డ్ అనే సేనానిని పంపింది ఈ క్లైవే. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళు ఓడారు, ఆ తర్వాతి ఏప్రిల్‌లో బందరు కోట పోయింది. మన కోస్తా మీద కుంపిణీ కాలు మోపింది అలా.

ఆ రాత్రి ఒక బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్‌లో దిగాం. పేరు చెప్పను. బుకింగులో 'పాతకాలపు అందంతో అటకగది' అని రాశారు. తీరా చూస్తే పూర్వం పనిపిల్లలు పడుకునే గది. మూడంతస్తుల ఇరుకు మెట్లు, నిలబడితే తలకి కొట్టుకునే వాలు కప్పు. మా ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, "ఆ పిల్లలకి జీతం ఇచ్చి పడుకోబెట్టేవారు, మన దగ్గర తిరిగి తీసుకుంటున్నారు" అంది. పొద్దున్న ఫలహారం మాత్రం వంక పెట్టేందుకు లేదు.

మర్నాడు వేల్స్ సరిహద్దు దాటగానే వెల్ష్‌పూల్, అక్కడ పోయిస్ కోట. ఎర్రరాతి కోట, దాని కింద మెట్లు మెట్లుగా దిగే తోట. తోటకే సగం రోజు ఇవ్వొచ్చు. ఎత్తు ఎక్కాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కర్ర తెచ్చుకోండి. నేను వెళ్ళింది మాత్రం లోపలి క్లైవ్ మ్యూజియం కోసం. భారతదేశం నుంచీ, తూర్పు దేశాల నుంచీ వచ్చిన వస్తువులు సుమారు వెయ్యి ఉన్నాయి. టిప్పు సుల్తాన్ సింహాసనం మీది బంగారు పులితల ఒకటి గాజు వెనక మెరుస్తోంది. చేతి బొమ్మంత ఉంది. టిప్పు గుడారం గుడ్డ ఇంకో వింత. తెల్ల నూలు మీద కూజా, అందులోంచి లేచిన పూలతీగ. కలంకారీ చూసి పెరిగిన కంటికి ఆ పనితనం చుట్టాన్ని చూసినట్టే ఉంటుంది. తర్వాతి రోజుల్లో కోటవాళ్ళు ఆ గుడారాన్ని తోట విందులకి షామియానాగా వేసుకున్నారట.

అక్కడ కూర్చున్న వాలంటీరు డెబ్బై దాటిన ఆవిడ. ఇవన్నీ కొన్నవా అని అడిగాను. "కొన్ని కొన్నవి, కొన్ని బహుమతులు" అంది. నేను కదలకుండా నిలబడ్డాను. ఒక్క క్షణం ఆగి, "చాలా మటుకు అడక్కుండా తెచ్చినవే" అంది. 2020లో నేషనల్ ట్రస్ట్ తన చేతిలోని 93 చోట్లకి వలసపాలనతోనో బానిస వ్యాపారంతోనో ఉన్న సంబంధాన్ని తవ్వి నివేదిక వేసింది. దాని మీద పెద్ద రభసే అయింది. మాకు కోటలు చూపించండి చాలు, పాఠాలు వద్దని కొందరు, ఇన్నాళ్ళూ ఎందుకు దాచారని కొందరు.

నాకు నచ్చిన ముక్క ఇంకొకటి. ఇంత డబ్బు తెచ్చినా క్లైవ్‌ని పాత దొరలు దగ్గరికి రానివ్వలేదు. కుంపిణీ డబ్బుతో తిరిగొచ్చినవాళ్ళని 'నబాబ్' అని వెక్కిరించేవారు. మనం 'నడమంత్రపు సిరి' అంటామే, అలాగ. ఆయనకి 1762లో దక్కింది కూడా ఐర్లండు పీరేజీ, అంటే ప్రభువు హోదాలో ఒక మెట్టు తక్కువది. కొడుకు 1784లో పోయిస్ వారి పిల్లని చేసుకున్నాడు, 1804లో ఎర్ల్ అయ్యాడు. మనవడు ఏకంగా ఇంటిపేరు క్లైవ్ వదిలేసి పోయిస్ వారి ఇంటిపేరు హెర్బర్ట్ పెట్టుకున్నాడు, ఎస్టేటు కోసం. మన సంస్థానాల్లో దత్తతలు గుర్తొచ్చి నవ్వుకున్నాను. మూడు తరాల్లో కొత్త డబ్బు పాతబడిపోయింది.

ఈ నాలుగు రోజుల్లో ఒక్క చోటికే వెళ్ళగలిగేవాళ్ళు నన్నడిగితే ఎర్డిగ్ అంటాను. రెక్స్‌హామ్ ఊరి పక్కన. యార్క్ అనే కుటుంబానిది. వాళ్ళకి పెద్ద బిరుదులేమీ లేవు, తరతరాలకీ మగపిల్లల పేర్లు సైమన్, ఫిలిప్, మళ్ళీ సైమన్. ఆఖరి ఫిలిప్ కరెంటు లేని ఇంట్లో ఒంటరిగా ఉండేవాడు. కింద బొగ్గు గని తవ్వకాలకి ఇల్లు కుంగుతుంటే 1973లో ట్రస్టుకి అప్పజెప్పాడు. బాగుచేసి 1977లో జనానికి తెరిచారు.

గేటు దాటగానే అందరం అలవాటుగా సింహద్వారం కోసం వెతుకుతాం. ఇక్కడ అటు పంపరు. వడ్రంగి కొట్టు, దుంగలు కోసే గుంట, కొలిమి, గుర్రపుశాల, చాకలి గది, రొట్టెలు కాల్చే పొయ్యి, వంటిల్లు, ఇలా పనివాళ్ళ దారిలోనే ఇంట్లోకి తీసుకెళ్తారు. తాతగారి పక్క గుమ్మానికే టిక్కెట్టు పెట్టి, అదే అసలు దారి అన్నట్టుంది నాకు. వంటింట్లో వేడి లేని పొయ్యి ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడింది. రాగి గిన్నెలు వరసగా తోమి బోర్లించి ఉన్నాయి. "వీటికి చింతపండు ఉండదు కదా, దేంతో తోమేవారో" అని ఆవిడ సందేహం.

తర్వాత వచ్చేది పనివాళ్ళ భోజనాల గది. గోడల మీద పనివాళ్ళ తైలచిత్రాలు! దొరల బొమ్మలు గీయించుకోవడం ఎక్కడైనా ఉంది. ఈ ఇంట్లో 1790ల్లో మొదటి ఫిలిప్ యార్క్ తన వడ్రంగినీ, వంటింటి మనిషినీ, అడవి కాసేవాణ్ణీ బొమ్మలు గీయించి, ఒక్కొక్కరి మీద తనే పద్యం కట్టి రాయించాడు. తర్వాతి తరాలు ఫోటోలతో ఆ అలవాటు నడిపించాయి. అందులో జేన్ ఎబ్రెల్ అనే ముసలమ్మ ముందు నేను ఆగిపోయాను. 1793లో గీసిన బొమ్మ, అప్పటికి ఆవిడకి 87 ఏళ్ళు. ఉద్యోగం పేరు ఇంటిపని, 'సాలెపురుగుల చీపురు'. అంటే మన బూజు కర్ర! ఇంచుమించు డెబ్బై ఏళ్ళు బూజులు దులిపిన మనిషని, మా అందరికీ తల్లి అని పద్యంలో ఉంది. నల్ల గౌను, చేతిలో చీపురు, మొహంలో నవ్వూ లేదు, భయమూ లేదు.

అయితే ఈ ఇంటిని మరీ పుణ్యక్షేత్రం చేయకండి. 1907లో ఈ కుటుంబమే తమ వంటావిడ మీద ఐదు వందల పౌండ్లు కాజేసిందని కేసు పెట్టింది. కోర్టు ఆవిడని నిర్దోషి అంది. తల్లి అని పద్యం రాసినా, లెక్క తేడా వస్తే మొదట చూసేది వంటింటి వైపే. 1911 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సులు కలిపి ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు పన్నెండు లక్షలకు పైన. ఇప్పుడు ఈ ఇళ్ళకి వచ్చే తెల్లవాళ్ళలో వాళ్ళ మనవలూ మునిమనవలూ ఉంటారు. పిలుపు గంటల వరస ముందు ఒకాయన తన కూతురితో, "మీ ముత్తవ్వ ఇలాంటి గంటకే పరిగెత్తేది" అని గొప్పగా చెప్తున్నాడు. తాతగారి చెప్పుల సంగతి నేను మా పిల్లలకి ఎప్పుడూ చెప్పలేదు.

అక్కడి టీ కొట్లో శాకాహారులకి ఉడికించిన బంగాళదుంప, దాని మీద బీన్స్. కారప్పొడి మన సంచీలోదే.

రెండో రాత్రి డెర్బీషైర్ పక్కనే ఐలం హాల్‌లో. అదీ ఒకప్పటి దొర ఇల్లే. 1930ల్లో సగం కూల్చాక మెక్‌డూగల్ అనే పిండి వ్యాపారి మిగతాది కొని, యూత్ హాస్టల్ నడపాలనే షరతుతో 1934లో నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చాడు. కొండలు, ఏరు, గొర్రెలు. మా వయసువాళ్ళకీ గదులు ఇస్తారు, 'యూత్' అన్న మాట చూసి వెనకాడొద్దు. ఈ ట్రిప్పులో డబ్బుకి తగ్గ బస ఇదే.

కౌంటర్లో అమ్మాయి, "టీ ఎన్నింటికి కావాలి?" అంది. ఇప్పుడే తాగొచ్చామమ్మా, వద్దన్నాను. అల్లుడు గబుక్కున అడ్డొచ్చి ఏడింటికి చెప్పాడు. ఆ వైపు మామూలు జనానికి రాత్రి భోజనమే 'టీ', మధ్యాహ్నం తినేది 'డిన్నర్'. ఒక్క మాటతో మనిషి ఏ మెట్టు మీదివాడో పట్టేస్తారు. 1954లో అలన్ రాస్ అనే ప్రొఫెసర్ దీని మీద ఒక వ్యాసమే రాశాడు. తమాషా ఏంటంటే సోకైన మాట వాడితే కిందివాడు. 'సర్వియెట్' అన్నవాడు మధ్యతరగతి, 'నాప్కిన్' అన్నవాడు దొర. ఇప్పటి పిల్లలకి ఇవన్నీ పట్టవని అల్లుడంటాడు. కానీ వాళ్ళ ఆఫీసులో ఎవరు ఏ స్కూల్లో చదివారో అందరికీ తెలుసని కూడా వాడే అన్నాడు.

మూడో రోజు చాట్స్‌వర్త్. డెవన్‌షైర్ డ్యూక్ ఇల్లు. టిక్కెట్టు తక్కువేం కాదు, కానీ తోటతో కలిపి రోజంతా సరిపోతుంది. పెయింటెడ్ హాల్లోకి అడుగు పెట్టగానే మెడ దానంతటదే పైకి లేస్తుంది. పాతిక పైచిలుకు గదులు చూపిస్తారు. పదో డ్యూక్ 1950లో పోయాడు. ఇంకొద్ది నెలలు బతికుంటే, ముందే చేసిన ఆస్తి బదిలీకి ఐదేళ్ళు నిండి చావు పన్ను తప్పేదట. తప్పలేదు, ఎనభై శాతం. హార్డ్‌విక్ హాల్ అనే ఇంకో భవంతినీ, బొమ్మల్నీ, భూముల్నీ సర్కారుకి కట్టారు. 1981లో ఇంటిని సొంత ట్రస్టు కింద పెట్టారు. ఇప్పుడు డ్యూక్ కుటుంబం ట్రస్టుకి అద్దె కడుతుంది! తాతల ఇంట్లో తనే అద్దెదారు. ఈ మాట విన్నాక ఆ బంగారు కిటికీ చట్రాలు నాకు వేరేగా కనిపించాయి.

జాలిపడే ముందు కిటికీలోంచి బయటికి చూడండి. పక్కన ఈడెన్సర్ అనే ఊరు ఉండేది. ఆరో డ్యూక్ కాలంలో చూపుకి అడ్డమని దాన్ని కొండ మరుగుకి జరిపి కట్టించారు. ఊరు పోయింది, గడ్డి మైదానం మిగిలింది. మనం ఆహా అంటూ ఫోటో తీసుకునేది దాన్నే. మేం వెళ్ళినప్పుడు బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభైన ప్రభువుల సభలో 1999 చట్టం మిగిల్చిన 92 వంశపారంపర్య సీట్లు కూడా తీసేసే బిల్లు నడుస్తోంది. దాని గురించి ఏమనుకుంటున్నారని గదిలో వాలంటీరుని అడిగితే, "వాళ్ళు అక్కడ ఉన్నా లేకపోయినా ఈ పైకప్పు కారకుండా చూడాలి కదా" అన్నాడు.

తిరుగు దారిలో, నాలుగో రోజు, ఒక పాత దొర ఇంటిని హోటల్ చేసిన చోట 'ఆఫ్టర్‌నూన్ టీ' తాగాం. దీని పేరూ చెప్పను. నా కాలికి సాండల్స్ చూసి గుమ్మం దగ్గర ఒకాయన మెల్లగా, 'ఈ లాంజ్‌లో షూస్ అయితే బాగుంటుంది' అన్నాడు. అంత డబ్బు కట్టీ మూలబల్ల దగ్గర కూర్చోబెట్టారు. మూడంతస్తుల పళ్ళెం, వేలెడు సాండ్‌విచ్చులు, పన్నెండున్నర శాతం సర్వీస్ చార్జీ. వెళ్ళొద్దనే నా సలహా.

కాకపోతే పళ్ళెం తెచ్చిన కుర్రాడు నల్ల వెయిస్టుకోటులో వంగి, అల్లుడితో మేం మాట్లాడేది విని, తెలుగులో, "అంకుల్, మీరు విజయనగరం వైపా?" అన్నాడు. గుంటూరు జిల్లా అబ్బాయి. ఎమ్మెస్సీ చదువుతున్నాడు, వారానికి ఇరవై గంటలు ఇక్కడ పని. మా ఆవిడ వెంటనే భోజనం ఎలా చేస్తున్నావు నాన్నా అని మొదలుపెట్టింది. మేనేజరు ఇటు చూడటంతో వాడు సర్దుకుని నిటారుగా నిలబడి, ఇంగ్లీషులోకి మారిపోయాడు.

కారు తీస్తుంటే హోటల్ వెనక వైపు నుంచి, చెత్త డబ్బాల పక్కనున్న చిన్న తలుపులోంచి వాడు పరిగెత్తుకొచ్చాడు. "ఆంటీ, మిగిలినవి ప్యాక్ చేయించమన్నారు కదా, మర్చిపోయారు" అని అట్టపెట్టె చేతికిచ్చాడు. దారిలో తెరిచి చూస్తే మేం వదిలేసిన రెండు స్కోన్ రొట్టెలతో పాటు ఇంకో నాలుగున్నాయి.