27 అంగుళాల మానిటర్, మూడేళ్ళ తర్వాత: చేపలు బాగానే ఈదాయి

పర్లాకిమిడిలో మాది డీటీపీ, శుభలేఖల పని. ఊరు 1936లో ఒడిశాలోకి వెళ్ళింది గానీ పెళ్ళి సంబంధాలు సరిహద్దు చూసుకుని కుదరవు కదా. ముందు తెలుగు, వెనక ఒడియా, ఒకటే కార్డు. అందుకే మానిటర్‌లో నేను చూసేది అక్షరం. రంగులూ బొమ్మలూ తర్వాత.

2022 దసరాకి ముందు నా పాత 18.5 అంగుళాలది గీతలు పడి పోయింది. మూడు షాపులు తిరిగాను. ఉంటే బిల్లింగు కౌంటర్ల మీద పెట్టే చిన్నవి, లేదంటే గేములాడే కుర్రాళ్ళ కోసం తెచ్చిన 27. నాకు కావలసిన 24 ఎక్కడా లేదు. "రెండ్రోజుల్లో బరంపురం నుంచి వచ్చేస్తాది" అన్నది ఇప్పటికీ రాలేదు.

ఒక షాపులో 27ది ఆన్ చేసి ఉంది. అందులో చేపలు. నీలం నీళ్ళు, పసుపు చేపలు, తిరిగి తిరిగి అవే. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, "ఓ పెళ్ళికార్డు పెట్టి చూపించు బాబూ" అన్నాను. దానికి కంప్యూటర్ తగిలించలేదట, వీడియో ఆడించే డబ్బా మాత్రమేనట. పోనీ కొత్తది విప్పి చూపించమంటే, "సీల్ ఖొలా హెబ నాహిఁ, భాయినా" (సీలు విప్పడం కుదరదన్నా) అన్నాడు. విప్పాక నేను వద్దంటే ఇంకెవరూ కొనరని అతని బాధ. కొన్నాక తెర మీద ఒక చుక్క (పిక్సెల్) వెలగకుండా పోయి కనబడితే? "కంపెనీ చూసుకుంటాది." మామిడిపండు కూడా ముచ్చిక దగ్గర వాసన చూసి కొంటాం. ₹11,500 వస్తువుకి అట్టపెట్టె మీద ఫొటో చూసుకోమన్నారు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చుగా అంటారేమో. ఆ షాపులో నాకు అరువిస్తారు, అక్కడే తీసుకున్నాను.

మొదటి నెల మురిసిపోయాను, అబద్ధం ఎందుకు. కార్డు మొత్తం తెర మీద ఒకేసారి కనబడుతుంటే, పక్క షాపువాళ్ళకి కూడా కొనమని చెప్పాను.

మాఘమాసం పెళ్ళిళ్ళలో తెలిసొచ్చింది. పాతపట్నం నుంచి ఒక పెద్దాయన కూతురి పెళ్ళికార్డు కోసం వచ్చారు. కుర్చీ వేసి పక్కనే కూచోబెట్టి, తెర మీదే ప్రూఫు చూపించాను. ఇద్దరం కిందికీ పైకీ చదివాం. ఆయన సరేనన్నారు, 300 కార్డులు వేసేశాను. పెళ్ళికూతురి పేరులో 'ధ' ఉండాల్సిన చోట 'ద' పడింది. మర్నాడు కట్ట తెచ్చి బల్ల మీద పెట్టి ఒకటే మాటన్నారు: "పేరెట్టింది మేము, మార్సేసింది నువ్వు." తిరిగి నా డబ్బులతోనే వేశాను.

ఆ రాత్రి అదే ఫైలు తెరిచి చూశాను. పేజీ మొత్తం కనబడేలా పెడితే 'ధ' అడుగున ఉండే గీతకి దక్కేది ఒకటో రెండో చుక్కలు. అది ఉందో లేదో, కన్ను తనకి నచ్చినట్టు చదువుకుంటుంది. పాత దాని 1366×768లో, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కల్లో, అంగుళానికి దాదాపు 85 చుక్కలు. ఈ 27 అంగుళాలకి 1920×1080 పరిస్తే 81 చిల్లర. తెర పెరిగింది, నేత పలచబడింది. పెట్టె మీద 'ఫుల్ హెచ్‌డీ' అని మాత్రం అరచేతంత రాశారు. అయితే తప్పంతా దాని మీదే తోసెయ్యలేను. పాతదాంట్లో పేజీ పట్టక, పెద్దది చేసి ముక్కముక్కగా చూసేవాణ్ణి. ఇందులో మొత్తం కనబడుతోంది కదాని ఆ అలవాటు మానేశాను.

ఇప్పుడు 150 శాతానికి పెంచి దిద్దుతాను. ప్రూఫు కాగితం మీద తీసి సంతకం పెట్టించుకుంటాను. కొనమని నేను చెప్పినవాళ్ళలో మందుల షాపాయన హాయిగా ఉన్నాడు, ఆయనకి కావలసింది అంకెలే. ఒడియా అక్షరాల గుండ్రాల మధ్య సందు పూడుకుపోవడం కూడా ఇందులో ఉంది గానీ, దాని మీద ఇంతవరకు ఎవరూ గొడవకి రాలేదు.

రెండో ఏడు అడాప్టర్ పోతే, చేపల షాపు అతనే సొరుగులోంచి ఇంకోటి తీసి ఊరికే ఇచ్చాడు. అందుకే అతని మీద కోపం సగమే మిగిలింది.

నాకిప్పుడు నలభై ఆరు, చత్వారం అద్దాలున్నాయి. నా కళ్ళకి పనికిరానిది మీ కళ్ళకి పనికిరావచ్చు. తెలుగు అక్షరాలు దిద్దే పనైతే 24 దొరికేదాకా ఆగండి, 27యే కావాలంటే 2560×1440ది చూడండి. అది మా ఊళ్ళో అడిగితే "ఎవరు కొంటారు సార్" అన్నారు. ఆదివారం మా వాళ్ళు దీంట్లోనే క్రికెట్ చూస్తారు. బంతి మాత్రం స్పష్టంగానే కనబడుతుందట.