ఎంపీటీ చదివి తొమ్మిదేళ్లు: నల్గొండ క్లినిక్‌లోంచి ఒక సమీక్ష

నేను బీపీటీలో, అంటే ఫిజియోథెరపీ డిగ్రీలో చేరింది 2008లో, దాని మీద పీజీ అయిన ఎంపీటీ, నరాల జబ్బుల స్పెషాలిటీ న్యూరోలో, చేతికొచ్చింది 2016లో. అప్పటి నుంచి నల్గొండలోనే ఉన్నాను, మొదటి రెండేళ్లు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఆ తర్వాత గడియారం సెంటర్‌కి నడిచి వెళ్లేంత దూరంలో రెండు గదుల సొంత క్లినిక్. మొన్న దసరాకి మా పిన్ని కూతురు వచ్చి "అక్కా, బీపీటీ అయిపోవస్తుంది, ఎంపీటీ చెయ్యాల్నా, అమెరికా పోవాల్నా" అని అడిగింది. దానికి చెప్పినవీ, ఆ హడావుడిలో చెప్పడం మర్చిపోయినవీ కలిపి రాస్తున్నా. ఫ్రిజ్ ఆరునెలలు వాడి రివ్యూ రాసేవాళ్లున్నారు, డిగ్రీని తొమ్మిదేళ్లు వాడినదాన్ని నేనెందుకు రాయకూడదు.

ముందు అసలు సంగతి. ఎంపీటీ పనికొస్తుంది, కాకపోతే అది కాలేజీ బోర్డు మీద పేరుని బట్టి కాదు, ఆ రెండేళ్లలో మీ చేతి కిందికి ఎంతమంది పేషెంట్లు వస్తారన్నదాన్ని బట్టి. సీటు వెతికేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న తప్ప అన్నీ అడుగుతాం. నేనూ అలాగే చేశాను, హాస్టల్ ఎలా ఉంటుంది, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా అని అడిగాను కానీ ఓపీకి రోజుకి ఎంతమంది వస్తారని అడగలేదు. నా అదృష్టం కొద్దీ న్యూరో పోస్టింగ్ పెద్ద ఆసుపత్రిలో పడింది, అది లేకపోతే ఈ సమీక్ష ఇంకోలా ఉండేది.

ఆ పోస్టింగ్ విలువ నాకు తెలిసింది చాలా తర్వాత, ఒక పెద్దాయన వల్ల. మర్రిగూడ వైపు ఊరు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన తరం. మెడ తిప్పలేడు, పక్కవాళ్లని చూడాలంటే నిలువునా మొత్తం మనిషే తిరగాలి. "నడుము పట్టేసింది బిడ్డా, జర కరెంటు పెట్టు, గుంజుడు మిషను గూడ పెట్టు" అన్నాడు. (మా దగ్గర ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టడమే, నన్ను కూడా కరెంటు డాక్టరమ్మ అనే అంటారు. పేరు ముందు డాక్టర్ పెట్టుకోవచ్చా లేదా అని 2025లో ఢిల్లీ దాకా గొడవ నడిచింది గానీ, మా పేషెంట్లు ఆ విషయం ఎప్పుడో తేల్చేశారు.) బీపీటీ అయిన కొత్తలో అయితే నేను నొప్పికి పెట్టే ఐఎఫ్‌టీ కరెంటు పెట్టి, వెన్నుని గుంజే ట్రాక్షన్ బల్ల ఎక్కించేదాన్ని. ఈసారి ఎందుకో మంచం మీద పడుకోబెట్టి, మోకాలు కొంచెం మడిచి, పాదాన్ని ఒక్కసారి పైకి నెట్టి పట్టుకున్నాను. పాదం నా అరచేతిలో టకటకా కొట్టుకుంటూనే ఉంది, ఆగలేదు. దాన్ని క్లోనస్ అంటాం. వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందని అనుమానించాల్సిన గుర్తు అది. ఫ్లోరోసిస్ ముదిరితే ఎముకలు పెరిగి, లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది, అలాంటి వెన్నుని గుంజడమంటే కోరి ప్రమాదం తెచ్చుకోవడమే. మిషన్ జోలికి పోకుండా ఎంఆర్ఐ కోసం న్యూరోసర్జన్ దగ్గరికి చీటీ రాసిచ్చాను. పెద్దాయనకి కోపం వచ్చింది, "ఒక్కసారి కరెంటు పెట్టనీకి ఏమాయె" అని. నా దృష్టిలో ఎంపీటీకి నేను కట్టిన డబ్బులు ఆ రోజే తిరిగొచ్చాయి.

ఇక అడ్మిషన్. కాగితం మీద చూస్తే చాలా తేలిక. అర్హతగా అడిగేది గుర్తింపున్న కాలేజీలో బీపీటీ, ఇంటర్న్‌షిప్ పూర్తి. మా కాలంలో బీపీటీ అంటే నాలుగేళ్లు, పైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్. 2025లో వచ్చిన జాతీయ కరికులంలో మొత్తం 5 ఏళ్లు చేసి, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్ పెట్టారు కాబట్టి ఇకముందు చేరేవాళ్లు లెక్క కొత్తగా వేసుకోవాలి. మా బ్యాచ్‌కి అన్నీ విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ, ఇప్పుడు తెలంగాణ కాలేజీలకి వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. హైదరాబాద్ నిమ్స్‌లో కూడా ఎంపీటీ ఉంది, దాని నోటిఫికేషన్ వేరుగా వస్తుంది, ఒకటి చూసి రెండోది వదిలేసేవాళ్లు ప్రతి ఏడాదీ కనపడతారు.

తేలిక అన్నాను కదా, నాకు మాత్రం ఒక ఏడాది పోయింది. మూడో ఏడాదిలో ఒక సబ్జెక్టు సప్లీ పడి ఇంటర్న్‌షిప్ ఆలస్యంగా మొదలైంది, ముగిసేసరికి నోటిఫికేషన్‌లో ఇచ్చిన కటాఫ్ తేదీ దాటింది ఇరవై రోజులు. మార్కులున్నాయి, డబ్బు సర్దుకున్నాం, తేదీ లేదు. అప్పుడు మా నాన్న "ఇరవై రోజులకేనా" అని కాసేపు అలాగే కూర్చుండిపోయాడు. కాబట్టి నోటిఫికేషన్ రాగానే ఫీజు పేజీ కంటే ముందు ఇంటర్న్‌షిప్ పూర్తికావాల్సిన తేదీ చూడండి. ఇంకోటి, లోకల్ కిందికి రావడానికి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. నేను రెండు తరగతులు దేవరకొండలో, మిగతావి వేరేచోట చదివాను, అందులో ఒక బడి మూతపడింది. ఆ ఒక్క కాగితం కోసం ఎంఈవో ఆఫీసు చుట్టూ తిరిగిన రోజులు, అనాటమీ చదివిన రోజులకంటే బాగా గుర్తున్నాయి.

లోపల చదువు సగం బాగుంది, సగం లేదు. మొదటి ఏడాది రీసెర్చ్ మెథడాలజీ, బయోస్టాటిస్టిక్స్, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ, ఎలక్ట్రో డయాగ్నసిస్ లాంటివి, రెండో ఏడాది స్పెషాలిటీ, వీటితో పాటు థీసిస్. థీసిస్ అంటే మా దగ్గర ముప్పై మందిని రెండు గ్రూపులు చేసి, ముందొకసారి, నాలుగు వారాల తర్వాత ఒకసారి కొలిచి, తేడా ఉంది అని రాయడమే. నాకు నిజంగా వచ్చిన చదువు ఏమిటంటే కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్ పెట్టి ఒకే భుజాన్ని మూడుసార్లు కొలిస్తే మూడు అంకెలు రావడం. నా చెయ్యే నమ్మకంగా లేదని తెలిశాక, ఎవరు ఏ మిషన్ తెచ్చి ఎంత తగ్గుతుందని చెప్పినా "ఎలా కొలిచారు" అని నోట్లోంచి వచ్చేస్తోంది. మిగతా అంతా, స్టాటిస్టిక్స్ చేసిపెట్టే ఆయనకి డబ్బులిచ్చి టేబుళ్లు తెచ్చుకోవడం.

స్పెషాలిటీ విషయంలో నా మాట కొంతమందికి నచ్చకపోవచ్చు. న్యూరో తీసుకున్నందుకు బాధ లేదు, కానీ నా క్లినిక్‌కి వచ్చే పదిమందిలో ఎనిమిదిమంది మోకాళ్లు, నడుము, పట్టేసిన భుజాలే. పాలమూరు నుంచి వలసపోయి ఏళ్ల తరబడి మట్టి, ఇటుక మోసి తిరిగొచ్చినవాళ్ల నడుములు చూస్తే ఆర్థో చేసుంటే బాగుండేదని రోజూ అనిపిస్తుంది. గది కిరాయి మాత్రం పక్షవాతం వచ్చినవాళ్ల ఇళ్లకి వెళ్లి చేయించే వ్యాయామాల మీదే వెళ్తోంది. సొంతూళ్లో స్థిరపడాలనుకుంటే ఆర్థో, పెద్ద ఆసుపత్రిలో ఉంటానంటే న్యూరో లేదా కార్డియో. స్పోర్ట్స్ గురించి నన్ను అడగకండి.

ఇప్పుడు అమెరికా. ఇక్కడ అందరికీ ఒక తికమక ఉంది. అక్కడ డీపీటీ అంటే ఏదైనా డిగ్రీ అయ్యాక చదివే దాదాపు మూడేళ్ల కోర్సు, మన ఎంపీటీ లాంటిది కాదు, అక్కడ ఫిజియో అవ్వడానికి మొదటి మెట్టే అది. దానికి పీటీకాస్ అనే ఉమ్మడి పోర్టల్‌లో దరఖాస్తు, అనాటమీ, ఫిజియాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, స్టాటిస్టిక్స్, సైకాలజీ లాంటి ముందస్తు సబ్జెక్టులు, సిఫారసు లేఖలు, చాలాచోట్ల ఫిజియో పక్కన నిలబడి చూసిన గంటలు, కొన్నిచోట్ల జీఆర్ఈ. ఇక్కడ బీపీటీ చేసినవాళ్లు అదంతా మళ్లీ చదవనక్కర్లేదు. మన డిగ్రీని, బయటి దేశాల ఫిజియో చదువుల్ని పరిశీలించే ఎఫ్‌సీసీపీటీ లాంటి సంస్థతో మదింపు చేయించి, అక్కడి డిగ్రీకి సమానమని తేలితే, ఇంగ్లిష్ పరీక్ష పాసై ఎన్పీటీఈ అనే అక్కడి లైసెన్సు పరీక్ష రాయొచ్చు. 200 నుంచి 800 స్కేలు మీద 600 రావాలి, జీవితం మొత్తంలో ఆరు అవకాశాలే.

నేనూ 2018లో ఆ మదింపుకి వెళ్లాను. అక్కడ కావాల్సింది మార్కులు కాదు, ఏ సబ్జెక్టులో ఎన్ని గంటలు చెప్పారు, సిలబస్‌లో ఏముంది, క్లినిక్‌లో ఎన్ని గంటలు చేశారు అన్నది. మా బీపీటీ కాలేజీలో మా బ్యాచ్ సిలబస్ కాపీయే లేదన్నారు. ఉన్న గుమస్తా మారిపోయాడు, కొత్తాయన వేరే బ్యాచ్‌ది సంతకం పెట్టిచ్చాడు, అది చెల్లలేదు. సూర్యాపేట మీదుగా బస్సులో విజయవాడకి రెండుసార్లు వెళ్లొచ్చాను ట్రాన్స్‌క్రిప్ట్‌ల కోసం. చివరికి జనరల్ సబ్జెక్టుల్లో క్రెడిట్లు తక్కువని వచ్చింది, క్లెప్ అని కాలేజీ క్రెడిట్లు ఇచ్చే అమెరికా పరీక్షలు రాసి నింపుకోవచ్చన్నారు, అప్పటికి క్లినిక్ నడక అందుకుంది, మా బాబు పుట్టాడు, అక్కడితో ఆపేశాను. పోయిన డబ్బు సంగతి ఇంట్లో ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు. మీరు వెళ్లినా వెళ్లకపోయినా, కాలేజీలో ఉన్నప్పుడే సిలబస్ కాపీ, గంటల లెక్క, లాగ్‌బుక్ అన్నీ ముద్ర వేయించి రెండు సెట్లు పెట్టుకోండి.

డబ్బు గురించి ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తా. నా ఎంపీటీ ఫీజు ఏడాదికి లక్ష దాటింది. అయ్యాక మొదటి జీతం పద్నాలుగు వేలు. అదే ఆసుపత్రిలో బీపీటీ చేసిన అబ్బాయికి పన్నెండు. రెండేళ్ల చదువుకి రెండు వేల తేడా, జీతం కోసమే ఎంపీటీ అనుకునేవాళ్లు ఈ అంకె దగ్గర ఆగండి. పాఠాలు చెప్పే ఉద్యోగం కావాలంటే మాత్రం ఎంపీటీ లేకుండా కుదరదు.

మా పిన్ని కూతురికి ఒక పని చెప్పాను. నువ్వు చేరదామనుకుంటున్న కాలేజీ ఓపీకి సోమవారం పొద్దున తొమ్మిదింటికి వెళ్లు, పేషెంటు తాలూకు మనిషిలా బెంచీ మీద కూర్చో, ఒంటిగంట దాకా వచ్చినవాళ్లని లెక్కపెట్టు అని. వెళ్లింది. పన్నెండింటికి ఫోన్ చేసింది, "అక్కా, ఇప్పటిదాంక నలుగురే వచ్చిండ్రు, అండ్ల ఒకాయన లిఫ్టు యాడుందని అడగనీకి వచ్చిండు." గురువారం ఇంకో కాలేజీకి వెళ్తానంది.