పది లీటర్ల బిందె: రాగి, ఇత్తడి, స్టీలు... ఏది మేలు?

మొన్న అమ్మతో కలిసి తిరుపతి గాంధీరోడ్డులో బిందె కొనడానికి వెళ్లాను. అమ్మ రాగి బిందె ఎత్తి, ‘‘అబ్బా, ఖాళీదే ఇంత బరువా!’’ అంటూ దించేసింది. పక్కనున్న స్టీలు బిందె మాత్రం ఒంటిచేత్తో లేచింది.

తప్పంతా రాగిదే అనిపిస్తుంది. లెక్క వేస్తే అలా లేదు. ఒక ఘన సెంటీమీటరు రాగి 8.96 గ్రాములు. ఇత్తడి, అందులోని జింకు పాలును బట్టి, 8.5 దగ్గర. స్టెయిన్‌లెస్ స్టీలు దాదాపు 8. మిల్లీమీటరు మందం రేకుతో పది లీటర్ల బిందె చేస్తే సుమారు 200 ఘన సెంటీమీటర్ల లోహం పడుతుంది. అంటే రాగిది 1.8 కిలోలు, ఇత్తడిది 1.7, స్టీలుది 1.6. గ్లాసుడు నీళ్ల తేడా! నింపాక పది కిలోల నీళ్లు ఎలాగూ తప్పవు.

మరి చేతికి అంత తేడా ఎందుకు తెలిసింది? స్టీలు గట్టిది కాబట్టి రేకు పలచగా సాగదీసినా బిందె నిలుస్తుంది. రాగి మెత్తన, పలచగా చేస్తే సొట్టలే. అన్నమయ్య సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కడానికి ఆ మెత్తదనమే అనుకూలించి ఉంటుంది. ఇనుము బరువు దాదాపు స్టీలంతే గానీ తుప్పు పడుతుంది.

అల్యూమినియం 2.7 గ్రాములే. అదే కొలతకు అరకిలో దాటి కొంచెం. మోయడానికి హాయే, కానీ అది కూడా త్వరగా సొట్టపోతుంది.

రాగిని తూకానికి అమ్ముతారు కాబట్టి, ఒకే సైజు బిందెలు రెండు ఉంటే బరువైనదానికి రేకు మందం. ఎక్కువ డబ్బు అక్కడికే పోతుంది, వృథా కాదు. అయస్కాంతం అంటుకుంటే మాత్రం లోపల ఇనుము, పైన రాగి పూత. ఇత్తడిని తోమే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, దాన్ని వదిలేశాం.

కుళాయి దగ్గర నుంచి మోసుకురావడానికి స్టీలే మేలు. రాత్రి నీళ్లు పోసి ఉదయం తాగడానికి రెండు లీటర్ల రాగి చెంబు చాలు. మజ్జిగ, పులుసు లాంటి పుల్లనివి అందులో ఉంచకూడదు.

అమ్మ స్టీలు బిందె చంకనెత్తుకుంది. రాగి చెంబు నా సంచిలో పడింది.