జాగ్రత్త: రంపం మిషన్‌కి లేజర్ కొలత అట, "నీడలో వాడుకోండి" అట!

ఆ రీల్ అందరూ చూసే ఉంటారు. మంచులో నిలబడి ఒకాయన దుంగ మీద చుక్క చూసుకుంటూ టకటకా ముక్కలు కోసేస్తుంటాడు, టేపు లేదు, గుర్తు లేదు, అన్నీ ఒకే పొడవు. కింద మన తెలుగులోనే రాసి ఉంటుంది, "ఇక కొలకర్రతో పని లేదు" అని. రంపం మిషన్‌కి బిగిస్తే ముక్క పొడవు ఎంతో లేజర్ చుక్కతో చూపిస్తుందన్న ఆ నల్ల డబ్బా గురించే ఈ పోస్టు. కొనకండి. 2,340 రూపాయలు కట్టి తెప్పించాను. దాన్ని నమ్మి కోసిన సరుగుడు కర్రలో పొడుగు ముక్కలన్నీ కలప డిపోలో పక్కకి లాగేశారు, పొట్టివి పొయ్యిలోకి తప్ప దేనికీ పనికిరావన్నారు. కొన్న చోటు పేరు రాయను, రీల్ చూసినవాళ్ళకి ఎలాగూ తెలుసు.

డబ్బు పోయిన దానికంటే ఒళ్ళు మండింది ఫోన్‌లో విన్న మాటకి. పగలు చుక్క కనిపించట్లేదండీ అని అమ్మినవాడికి వీడియో తీసి పంపాను. గంట తర్వాత ఫోన్ చేశాడు. "సార్, ఎండలో లేజర్ కనిపించదు సార్, అది అందరికీ తెలిసిందే కదా. నీడలో వాడుకోండి." నీడా? ఏ నీడ? తోట నరికేశాక నేల మీద పడున్న దుంగకి నీడ ఎక్కడి నుంచి వస్తుంది నాయనా, నువ్వొచ్చి గొడుగు పడతావా? అదే మాట అడిగాను. నవ్వాడు. నవ్వి, "బెరడు నల్లగా ఉన్నట్టుంది సార్, తెల్లకర్ర మీద ట్రై చేయండి" అన్నాడు. తాట తీసిన జామాయిల్ మీద చుక్క ఎంత మెరుస్తుందో ఎండా అంతే మెరుస్తుందని తెలియదా? తెలుసు. అవతల ఉన్నవాడికి తెలియదనుకున్నాడు, అంతే.

అవతలున్నవాడికి కొంచెం తెలుసు. అందుకే ఇంకా సిగ్గుగా ఉంది. మధ్యాహ్నం ఎండ నేల మీద లక్ష లక్స్ దాకా ఉంటుంది (లక్స్ అంటే ఒక చోట పడే వెలుతురు కొలత). ఇందులో ఉన్నది 650 నానోమీటర్ల ఎర్ర లేజర్. ఆ రంగుని మన కన్ను సరిగా పట్టుకోదు. 1 మిల్లీవాట్ ఎరుపు అంటే కంటి లెక్కలో 0.07 ల్యూమెన్ (మొత్తం వెలుతురు కొలత) మాత్రమే. దాన్ని 3 మిల్లీమీటర్ల చుక్కలోకి కుదించినా 10 వేల లక్స్ దగ్గర ఆగిపోతుంది. అంటే ఎండలో పదో వంతు. లక్ష మంది అరుస్తున్న చోట పది వేల మంది గుసగుసలాడినట్టు. రాత్రి ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద వెలుతురు 200, 300 లక్స్ మించదు కాబట్టి అక్కడ ఇదే చుక్క నిప్పులా ఉంటుంది. పార్సిల్ విప్పిన రాత్రి గోడ మీద వేసి చూసి "అబ్బో" అనుకున్న మహానుభావుణ్ణి నేనే. రీల్‌లో ఉన్నది మంచుదేశం, మబ్బు పట్టిన రోజు. ఆ ముక్క అప్పుడు తట్టలేదు, చేతులు కాలాక తట్టింది.

అమ్మకం పేజీ ఫోటోలో చూపించింది ఆకుపచ్చ లేజర్. 532 నానోమీటర్ల ఆకుపచ్చ అదే మిల్లీవాట్‌కి 650 ఎరుపు కంటే 8 రెట్లు ప్రకాశంగా కనిపిస్తుంది, ఎండలో కూడా కష్టపడి వెతుక్కోవచ్చు. అది చూసే ఆర్డర్ పెట్టాను. వచ్చింది ఎరుపు. అడిగితే "ఫోటో లైటింగ్‌ని బట్టి రంగులో కొద్దిపాటి తేడా ఉండొచ్చు" అని మెసేజ్. చీర కొన్నామా ఇక్కడ?

సరే, వెలుతురు సంగతి పక్కన పెట్టండి. అమావాస్య రాత్రి కోసినా ఇది సరైన కొలత ఇవ్వలేదు. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇదే పద్ధతిలో ఇంకో నాలుగు రకాలు అమ్ముతున్నారు, రేపు పేరు మార్చి మళ్ళీ వస్తారు.

డబ్బా ఉండేది ముందు హ్యాండిల్ మీద. దుంగ ఉండేది దానికి ముందు, బార్ (చైను తిరిగే పొడుగు రేకు) కింద. అంటే లేజర్ కిరణం ఏకకాలంలో కొంత ముందుకీ కొంత పక్కకీ ఏటవాలుగా వెళ్ళి దుంగ చివర తగలాలి. డబ్బా నుంచి దుంగకి 8 అంగుళాల దూరం అనుకోండి. చుక్క పక్కకి 16 అంగుళాల దగ్గర పడేలా స్క్రూ తిప్పి పెట్టారు. ఒక అంగుళం ముందుకి వెళ్తే రెండు అంగుళాలు పక్కకి జరుగుతుందన్నమాట. ఇప్పుడు దుంగని బార్ మొదట్లోని ముళ్ళ పట్టీకి ఆనించకుండా రెండు అంగుళాలు ముందు పెట్టి కోశారనుకోండి. చుక్క 16 దగ్గర కాకుండా 20 దగ్గర పడుతుంది. నాలుగు అంగుళాల తేడా! సన్న దుంగకీ లావు దుంగకీ మిషన్ పట్టే తీరు మారుతుంది, ఒక్కో కోతకి మోకాలి ఎత్తూ నడుం ఎత్తూ మారుతుంది, ప్రతిసారీ ఆ 8 అంగుళాలు 8గానే ఉంచడం ఎవరి తరం?

16 అంగుళాలన్నది అమెరికాలో ఇంటి పొయ్యి కట్టెల కొలత. మనకెందుకు? డిపో అడిగింది 3 అడుగులు. పొడిగించొచ్చని పుస్తకంలో రాశారు, స్క్రూ తిప్పితే చుక్క 36 అంగుళాలకి వెళ్తుంది కూడా. అక్కడే అసలు గొయ్యి. 8 అంగుళాల దూరం నుంచి 36కి కొట్టాలంటే అంగుళానికి నాలుగున్నర లెక్క. మిషన్ రెండు అంగుళాలు అటూ ఇటూ అయితే ముక్క పొడవులో 9 అంగుళాల తేడా. డబ్బా తన చోట ఒక్క డిగ్రీ తిరిగితే 16 అంగుళాల కొలతలో ముప్పావు అంగుళం పోతుంది, 36 అంగుళాల కొలతలో 3 అంగుళాలు పోతుంది. ఒక డిగ్రీ అంటే కంటికి కనిపించని కదలిక. పైగా అంత ఏటవాలుగా పడిన చుక్క చుక్కలా ఉండదు, దుంగ పొడవునా నాలుగైదు రెట్లు సాగి గీతలా అవుతుంది. సాగిన మేరకి పలచబడుతుంది. పైన చెప్పిన 10 వేల లక్స్ కాస్తా 2 వేలకి దిగుతుంది. ఇక ఎండలో ఏం వెతుకుతారు?

ఇది బిగించడం ఇంకో ప్రహసనం. డబ్బా అడుగున అయస్కాంతం, "ఎక్కడైనా అతుక్కుంటుంది" అని గొప్ప. మన 58 సీసీ మిషన్లలో ఇనుము ఎక్కడుంది? పై మూత ప్లాస్టిక్. ఇంజన్ బాడీ అల్యూమినియమో మెగ్నీషియమో. ముందు హ్యాండిల్ అల్యూమినియం పైపు. డబ్బా అతుక్కునేంత ఇనుము ఉన్నవి రెండే, బార్, సైలెన్సర్. బార్ మీద చైను తిరుగుతుంది. సైలెన్సర్ మీద పెడితే మామూలు నియోడిమియం అయస్కాంతం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవడం మొదలవుతుంది, లోపల లేజర్ పుట్టించే డయోడ్ అంతకన్నా ముందే చస్తుంది. దాంతో పెట్టెలో ఇచ్చిన హోస్ క్లిప్‌తో హ్యాండిల్‌కి బిగించాల్సి వచ్చింది.

హ్యాండిల్‌కి బిగిస్తే ఏమవుతుందో చైన్ సా విప్పినవాళ్ళకి తెలుసు. చేతికి వణుకు రాకుండా హ్యాండిల్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు బుష్‌లు గానీ స్ప్రింగ్‌లు గానీ ఉంటాయి. కోతలో బలంగా నొక్కితే హ్యాండిల్ ఒక వైపు, బార్ ఒక వైపు కొన్ని మిల్లీమీటర్లు కదులుతాయి. కొలత చూపించేది హ్యాండిల్, కోసేది బార్. రెంటికీ పొత్తు లేనప్పుడు కొలత ఎక్కడిది? పోనీ ఇంజన్ బాడీకే బోల్టు వేసి బిగిద్దామంటే ఫుల్ రేజ్‌లో నిమిషానికి 12 వేల తిరుగుళ్ళు, అంటే సెకనుకి 200 కుదుపులు, నేరుగా డబ్బాకి తగులుతాయి. నాది హ్యాండిల్ మీదే 40 కోతలకి క్లిప్ వదులైంది. థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా వేసే జిగురు) వేసి మళ్ళీ బిగించాను. క్లిప్ నిలిచింది, లోపలున్నది నిలవలేదు.

లోపల మూడు ఎల్ఆర్44 బటన్ సెల్స్. వాటిని పట్టుకోవడానికి పలచటి స్ప్రింగ్ రేకు. కుదుపుకి రేకు ఎగిరి చుక్క మిణుకు మిణుకుమంటుంది. విప్పి చూస్తే సర్క్యూట్ మీద కదలకుండా పట్టి ఉంచే ఎపాక్సీ జిగురు పోయలేదు, రెండు సన్న వైర్ల మీదే డయోడ్ వేలాడుతోంది, ఒక అతుకు అప్పటికే పగిలింది. బైకుల హెడ్‌లైట్ మార్చే కుర్రాడైనా ఇంత అన్యాయంగా చేయడు. లెన్సు కాస్త లోపలికి ఉంటే బాగుండేది, బయటకే ఉంది. చైను ఆయిల్, పొట్టు కలిసి పది కోతలకోసారి దాని మీద పేస్టులా అంటుకుంటాయి. గుడ్డతో తుడిస్తే ప్లాస్టిక్ లెన్సు కాబట్టి గీతలు పడి చుక్క కాస్తా మచ్చ అయింది.

స్టిక్కర్ చూసినప్పుడే మేలుకోవాల్సింది. "క్లాస్ 2" (లేజర్ కంటికి ఎంత ప్రమాదమో చెప్పే తరగతి) అనీ ఉంది, పక్కనే "5 మిల్లీవాట్ల లోపు" అనీ ఉంది. కంటికి కనిపించే లేజర్‌కి క్లాస్ 2 అంటే 1 మిల్లీవాటే పరిమితి, 5 మిల్లీవాట్లయితే దానికంటే పై తరగతి, క్లాస్ 3ఆర్. ఏది నిజమో ముద్ర వేసినవాడికే తెలియదు. పోనీ మనం 5 అనే అనుకున్నా, 3 అడుగుల దగ్గర సాగిపోయాక దాదాపు 11 వేల లక్స్ దగ్గరే ఆగుతుంది. ఎండ ముందు అదీ దిగదుడుపే. దుంగకి అటు పక్క కర్ర పట్టుకున్న మనిషి కళ్ళకి మాత్రం ఏది పడుతుందో చెప్పలేం.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. చుక్క మనకి ఎడమ పక్క మూడడుగుల దూరంలో ఉంటుంది. దాన్ని వెతుకుతూ కళ్ళు అటుంటే బార్ కొస ఇటు పక్క దుంగకి తగిలినా చూసుకోం. కొస పై అంచు తగిలిందంటే మిషన్ మొహం మీదకి ఎగదన్నుతుంది. చుక్క చూసేటప్పుడు చైన్ బ్రేక్ వేసి ఉంచాలి, చూశాక బ్రేక్ తీసి కోయాలి. అలా చేస్తే ఒక్కో కోతకి పట్టే టైములో కర్ర పెట్టి రెండు గుర్తులు కొట్టొచ్చు. మరి ఇది దేనికి?

రిటర్న్ సంగతి. "7 రోజుల్లో రీప్లేస్‌మెంట్ మాత్రమే, రీఫండ్ లేదు, వాడిన వస్తువు తీసుకోము." వాడకుండా పనిచేయదని ఎలా తెలుస్తుందో? చూపించింది ఒకటి పంపింది ఒకటి అయినా, వస్తువు లోపంతో ఉన్నా వెనక్కి తీసుకోనని అనే హక్కు అమ్మేవాడికి లేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఆ మాట ఉంది. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో తేల్చాలి. లిస్టింగ్‌లో ఉన్న ఆకుపచ్చ ఫోటో ఈపాటికి మార్చేసి ఉంటారనుకున్నా. నిజంగానే నిన్న మార్చారు. ఆర్డర్ రోజే స్క్రీన్‌షాట్ తీసుకున్నా కాబట్టి బతికిపోయాను. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకున్నాను. ఇరుక్కున్నవాళ్ళు మీరూ చేయండి, 5 లక్షల లోపు వస్తువుకి వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు.

కొలత కావాలంటే ఎలక్ట్రీషియన్లు వాడే పీవీసీ పైపు మూడడుగులు కోసుకుని దాని ఒక కొస సున్నంలో ముంచుకోండి. దుంగ మొదట్లో పొడి కొస ఆనించి సున్నం కొస కొడితే గుర్తు పడుతుంది, ఒక మనిషి ముందు నడుస్తూ కొట్టుకుంటూ పోతే వెనక మిషన్ ఆగదు. ప్రతి కోతా 7 మిల్లీమీటర్ల దాకా తినేస్తుందని మర్చిపోకండి. టేపు చాచి 12 గుర్తులు ఒకేసారి పెడితే మొత్తం మీద 8 సెంటీమీటర్లు పొట్టులో పోతుంది. అందుకే పైపుని ఆ 7 మిల్లీమీటర్లు కలిపి పొడుగ్గా కోసుకోండి. మిషన్‌కే ఏదైనా తగిలించాలనుకుంటే సన్న ఫైబర్ కడ్డీ, కావలసినంత పొడవు, బార్‌కి 90 డిగ్రీల్లో పక్కకి నిలబడేలా. అది ఏటవాలుగా పోదు, ఎండకి మాయమవదు, కొమ్మకి తగిలితే వంగి మళ్ళీ నిలబడుతుంది.

లేజరే కావాలంటారా, అమ్మేవాణ్ణి మధ్యాహ్నం 12 గంటలకి ఆరుబయట, బెరడున్న దుంగ మీద, మిషన్ ఫుల్ రేజ్‌లో ఉండగా 3 అడుగుల దగ్గర చుక్క చూపించే వీడియో పెట్టమనండి. మొన్న నేనదే అడిగాను. నీలం టిక్కులు రెండూ పడ్డాయి, అక్కడితో సరి.