ఆటు వేళ పీటర్ ఐర్‌డేల్: ఒరెగాన్ తీరంలో ఓడ శిథిలం చూసిన మూడు రోజులు

జూన్ నెలలో కాకినాడ నుంచి వచ్చిన మా అమ్మానాన్నలను, ఇద్దరు పిల్లలను తీసుకొని హిల్స్‌బరో నుంచి అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రపు వాయవ్య మూలకు, కొలంబియా నది పసిఫిక్ మహాసముద్రంలో కలిసే చోటికి మూడు రోజుల ప్రయాణం చేశాము. అక్కడ చూడవలసినవి చాలానే ఉన్నా, మేము ముఖ్యంగా బయలుదేరింది ఫోర్ట్ స్టీవెన్స్ స్టేట్ పార్కు తీరంలో 1906 నుంచి ఇసుకలో కూరుకుపోయి ఉన్న పీటర్ ఐర్‌డేల్ అనే ఓడ కోసం.

మొదటి సాయంత్రం మేము చేరేసరికి సముద్రం పోటు మీద ఉంది. కారు నిలిపే చోటి నుంచి ఓడ వరకు నడక కొద్దిసేపే అయినా, ఇసుకదిబ్బ దాటే చోట కాళ్లు దిగబడతాయి; మోకాళ్ల నొప్పి ఉన్న మా అమ్మను చెరోవైపు పట్టుకొని దాటించవలసి వచ్చింది. తడి ఇసుక మొదలైన తరువాత ఆమె ఎవరి సాయమూ లేకుండా నడిచింది. తుప్పుపట్టి ఎర్రబడిన ఓడ ముందు భాగం, పక్కటెముకల్లా పైకి లేచిన కొన్ని ఉక్కు కమ్మీలు మాత్రమే కనిపించాయి. అలలు వాటి మధ్య నుంచి వచ్చి పోతుండగా దూరం నుంచే చూసి తృప్తిపడ్డాము.

పిల్లలు అడిగిన మొదటి ప్రశ్న, ఇందులో ఎవరైనా చనిపోయారా అని. ఎవరూ చనిపోలేదు. ఇంగ్లండులోని మేరీపోర్టులో 1890లో తయారైన ఈ నాలుగు తెరచాప కొయ్యల ఓడ, మెక్సికో నుంచి నిలకడ కోసం వెయ్యి టన్నుల బరువును అడుగున వేసుకొని, పోర్ట్‌లాండులో గోధుమలు ఎక్కించుకొని బ్రిటన్ వెళ్లవలసి ఉంది. 1906 అక్టోబరు 25 తెల్లవారుజామున నదీముఖం దగ్గర దారి చూపే పైలట్ కోసం ఎదురుచూస్తుండగా, గాలీ ప్రవాహమూ కలిసి దానిని ఒడ్డుకు నెట్టాయి. ఇసుకను తాకిన తాకిడికి కొయ్యలు విరిగాయి. ఒడ్డు నుంచి వెళ్లిన రక్షణ పడవ ఓడలోని వారందరినీ క్షేమంగా తీసుకువచ్చింది. తరువాత జరిగిన విచారణలో కెప్టెన్‌పై గానీ సిబ్బందిపై గానీ తప్పు మోపలేదు. వాతావరణం అనుకూలించాక ఓడను లాగుదామనుకున్నారు గానీ, అప్పటికే ఇసుక దానిని పట్టేసింది.

బస విషయంలో మాకు రెండు రకాల అనుభవాలు ఎదురయ్యాయి. మొదటి రాత్రి దగ్గరి ఊరిలోని ఒక వసతిలో దిగాము. సముద్రం కనిపిస్తుందని చెప్పి ఇచ్చిన గది కిటికీ కార్లు నిలిపే స్థలం వైపు తెరుచుకుంది. పెద్దవాళ్ల కోసం పక్కపక్క గదులు కావాలని ముందే కోరినా వేరువేరు అంతస్తులలో ఇచ్చారు. రెండవ రాత్రి పార్కులోనే రెండు యర్ట్‌లు తీసుకున్నాము. ఇవి చెక్క నేల, తాళం వేసుకునే తలుపు, దీపం, హీటర్, మంచాలు ఉన్న గుండ్రని గుడారాలు. దుప్పట్లు, దిండ్లు మనమే తెచ్చుకోవాలి, లోపల వంట చేయకూడదు, స్నానాల గదికి బయటికి నడిచి వెళ్లాలి. రాత్రి రెండుసార్లు లేచే నాన్నగారికి ఆ నడక, ఆ చలి ఇబ్బంది కలిగించిన మాట నిజం. అయినా మళ్లీ వెళితే నేను యర్ట్‌నే ఎంచుకుంటాను, ఎందుకంటే తెల్లవారకముందే ఓడ దగ్గరికి చేరగలగడం అక్కడ ఉన్నందువల్లనే సాధ్యమైంది. వేసవికి చాలా నెలల ముందే బుక్ చేసుకోవడం అవసరం.

రెండవ రోజు ఆస్టోరియాలోని కొలంబియా రివర్ మారిటైమ్ మ్యూజియంకు ఎక్కువ సమయం ఇచ్చాము. పెద్ద అలను ఎక్కుతున్న భంగిమలో నిలిపిన కోస్ట్ గార్డ్ రక్షణ పడవ ముందు పిల్లలు కదలకుండా నిలబడిపోయారు. నదీముఖం ఎందుకంత ప్రమాదకరమో, ఈ తీరానికి పసిఫిక్ శ్మశానమనే పేరు ఎందుకు వచ్చిందో అక్కడ బాగా అర్థమవుతుంది. ఆస్టోరియా కాలమ్ 164 మెట్లు పిల్లలూ నేనూ ఎక్కాము. పార్కులోని బ్యాటరీ రస్సెల్ అనే పాత ఫిరంగి స్థావరం మాత్రం తప్పక చూడదగినది. 1942 జూన్ 21 రాత్రి ఒక జపాను జలాంతర్గామి ఫోర్ట్ స్టీవెన్స్ కోట వైపు 17 గుండ్లు పేల్చింది. ఆ యుద్ధకాలంలో తీరం పొడవునా వేసిన ముళ్లకంచె ఈ ఓడ శిథిలం మీదుగా కూడా సాగిందని తెలిసినప్పుడు, ముందురోజు చూసిన ఆ ఇనుము మరింత దగ్గరిదిగా తోచింది.

మూడవ రోజు తెల్లవారుజామున, ఆటుపోట్ల పట్టిక చూసుకొని, నీరు బాగా వెనక్కి తగ్గిన వేళకు వెళ్లాము. మంచు ఇంకా విడలేదు, స్వెట్టర్లు లేకపోతే నిలబడలేము. ఈసారి కమ్మీల మధ్యకు నడిచి వెళ్లగలిగాము. పొరలు పొరలుగా లేస్తున్న తుప్పు, రివెట్లు ఊడిన రంధ్రాలు, మొదళ్ల దగ్గర నిలిచిన చిన్న నీటి మడుగులు దగ్గర నుంచి కనిపించాయి. తుప్పు అంచులు చేతిని కోస్తాయి కనుక పిల్లలను ఎక్కనివ్వలేదు. ఈ తీరంలో హఠాత్తుగా పెద్ద అలలు వస్తాయి కనుక సముద్రానికి వీపు పెట్టనివ్వలేదు. నాన్నగారు ఒక కమ్మీ మీద అరచేయి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. ఓడలు కట్టిన కోరంగిని 1839 తుపాను ఎలా తుడిచిపెట్టిందో చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పేదనీ, కథలో విన్న ఓడను చేత్తో తాకడం ఇదే మొదటిసారి అనీ అన్నారు. పోటు మొదలై నీరు మా చెప్పుల దాకా వచ్చిన తరువాత గానీ ఆయన వెనక్కి రాలేదు.