కాగితమా, టాబ్లెట్టా? ఆటలోని పాత్రల ముఖాలకు ఏది మేలు?

బాల్డర్స్ గేట్ అనే కంప్యూటర్ ఆట రెండో భాగం 2000లో వెలువడింది. అభిమానులు ఈనాటికీ దానికి కొత్త పాత్రలను, కొత్త కథలను మోడ్‌ల (ఆడేవారే సొంతంగా చేసి ఆటకు జోడించే మార్పుల) రూపంలో చేరుస్తూనే ఉన్నారు. తిరుపతిలో మేము నలుగురం మిత్రులం కలిసి అలాంటి మోడ్ ఒకటి తయారు చేస్తున్నాము. అందులో ఆరు పాత్రల ముఖచిత్రాలు నా వంతుకు వచ్చాయి. మూడింటిని కాగితం మీద పెన్సిలుతో గీసి ఫోనుతో ఫొటో తీశాను. మిగిలిన మూడింటిని తెర లేని డ్రాయింగ్ టాబ్లెట్‌తో (కంప్యూటర్‌కు తగిలించి కలంతో గీసే పలకతో), ఉచితంగా దొరికే క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో గీశాను.

ఈ ఆటకు ఒక్కో ముఖం మూడు కొలతల్లో కావాలి: 210×330, 110×170, 38×60 పిక్సెళ్లు. ఆడేవారి కళ్లెదుట ఆట సాగినంతసేపూ ఉండేది అన్నిటికన్నా చిన్నదే. యోధురాలి బొమ్మకు నేను ఒక పూటంతా వెచ్చించి, 6బి పెన్సిలుతో కురులను, ముక్కుపుడకను ఎంతో శ్రద్ధగా దిద్దాను. దానిని 38×60కి కుదించగానే ముక్కుపుడక మాయమైంది, కళ్లు రెండు నల్లటి మరకలయ్యాయి, చెంప ఎక్కడ ముగిసి జుట్టు ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. కాగితం మీద ఈ లోపం బొమ్మ పూర్తయ్యేవరకు బయటపడదు. క్రిటాలోనైతే ఒకే బొమ్మను రెండు కిటికీల్లో తెరిచి, ఒకదానిలో గీస్తూ, రెండోదానిలో గోరంత ముఖం ఎలా కనిపిస్తున్నదో అప్పటికప్పుడు చూసుకోవచ్చు. ఈ ఒక్క కారణం చాలు, నేను టాబ్లెట్ వైపు మొగ్గడానికి.

అయినా ముఖం పుట్టవలసింది కాగితం మీదనే అని నా నమ్మకం. చేయి బల్ల మీద, చూపు తెర మీద ఉండే పద్ధతి అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. అంతకు మించిన చిక్కు, గీసినది చెరిపేయడం మరీ సులువు కావడం వల్ల ఒకే కనుబొమను ఇరవై సార్లు మార్చి, చివరికి దేనినీ ఎంచుకోలేకపోవడం. శ్రీకాళహస్తి కలంకారీలో మొదట చింతబొగ్గుతో రేఖలు గీసుకుంటారు. తర్వాత తుప్పుపట్టిన ఇనుము, బెల్లం ఊరబెట్టి చేసిన నల్లరంగును వెదురు కలంతో పూస్తారు. బొగ్గు దులిపితే పోతుంది, ఆ నలుపు పోదు. ఆ రెండో గీతకు ముందు చేయి తీసుకునే నిర్ణయాన్ని నాకు కాగితమే నేర్పింది.

పురోహితుడి పాత్రకు తలపాగా కోసం వెతుకుతున్నప్పుడు తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల విగ్రహం, దాని పొడవాటి కుళ్లాయి గుర్తుకు వచ్చాయి. ఆలయంలోకి ఫోను తీసుకువెళ్లనివ్వరు కనుక తనివితీరా చూసి, ఇంటికి వచ్చి జ్ఞాపకం మీద గీశాను. చిన్నవి మరచిపోయి ఆకారం మాత్రమే మిగలడం వల్ల కాబోలు, కాగితం మీది మూడింటిలో ఆ ఒక్క బొమ్మే 38×60లో కూడా చక్కగా పోల్చుకునేలా ఉంది.

సినిమా నటుల ఫొటోల మీద గీత దిద్దే మూడో దారి కూడా ఉన్నది గాని, అందులో పాత్ర పోయి నటుడే మిగులుతాడు.

మార్పుల విషయంలో పోటీయే లేదు. కథ రాసే మిత్రుడు పురోహితుడి వయసును పదేళ్లు తగ్గించమన్నప్పుడు కాగితం మీదైతే మళ్లీ మొదటి నుంచి గీయాలి. టాబ్లెట్‌తో ఒక్కో భాగాన్ని ఒక్కో పొరగా గీసిన బొమ్మలోనైతే గడ్డం పొరను తీసివేస్తే సగం పని అయిపోతుంది. ఆరు ముఖాలూ ఒకే వరుసలో కనిపిస్తాయి కాబట్టి వెలుగు అన్నిటి మీదా ఒకే వైపు నుంచి పడాలి. తెర మీద ఆరింటినీ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. ఫోను ఫొటోలలో బల్బు పసుపు ఒక్కో బొమ్మకు ఒక్కోలా అంటుకుంది. పొద్దున్నే డాబా మీద, నీడలో తీసినవే కొంత నయం.

కనుక ఒక్కటే ఎంచుకోవలసి వస్తే టాబ్లెట్టే మేలంటాను. టాబ్లెట్ లేనివారు మాత్రం అది కొనేదాకా ఆగనక్కరలేదు. కాగితం మీద గీస్తూ, మధ్యమధ్యలో ఫోనుతో ఫొటో తీసి కుదించి చూసుకుంటే చాలు. ఇప్పుడు నేను పెన్సిలు బొమ్మలను అడుగు పొరగా పెట్టి, వాటిమీద రంగులు వేస్తున్నాను. యోధురాలి ముక్కుపుడకను తీసేసి, ఎడమ చెంప మీద వెలుగును వెడల్పు చేశాను. చిన్న కిటికీలో ఆమె కళ్లు ఇప్పుడు కళ్లలా కనిపిస్తున్నాయి.