జిబ్రాల్టర్‌కి ఒక రోజు, శాన్ రోకెకి ఒక పూట

స్పెయిన్ దక్షిణపు అంచున బ్రిటన్ చేతిలో ఉన్న కొండ ఊరు జిబ్రాల్టర్. దానికి ఎన్ని రోజులు కావాలి అని అడిగిన ఫ్రెండ్స్ అందరికీ నేను చెప్పేది ఒకటే: ఒక్క రోజు చాలు. రాత్రి కూడా అక్కడ ఉండక్కర్లేదు. మిగతా రోజులు చుట్టూ ఉన్న స్పెయిన్ కోసం అట్టిపెట్టుకోండి. ఇంగ్లీషువాళ్ళకీ స్పెయిన్‌వాళ్ళకీ మధ్య జరిగిన కథంతా ఆ కొండ మీదే ఉంటుందనుకుని వెళ్ళాను. సగానికి పైగా బయటే ఉంది.

2023 అక్టోబర్‌లో వెళ్ళాం, అమ్మా నేనూ. అమ్మది కర్నూలు, శుద్ధ శాకాహారం, మోకాళ్ళ నొప్పులు. లండన్ వచ్చి రెండు నెలలైంది, ఇంట్లో కూర్చుని విసుగెత్తిపోయింది. సెవిల్‌లో దిగి, హెరెస్, రోండా, అల్హెసిరాస్, లా లీనియా మీదుగా జిబ్రాల్టర్ చూసి, చివరికి మలగాలో విమానం ఎక్కాం. మొత్తం అయిదు రోజులు.

హెరెస్ పేరు చెప్తే మనకి తెలియదు గానీ షెర్రీ అంటే తెలుస్తుంది. ఈ ఊరి పాత పేరునే ఇంగ్లీషువాళ్ళు అలా పలికి వైన్‌కి పెట్టేశారు. 1587లో ఇంగ్లీషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ పక్కనే ఉన్న కాదిస్ రేవు మీద దాడి చేసి ఓడలు తగలబెట్టి, పోతూ పోతూ 2,900 పీపాల వైన్ పట్టుకుపోయాడని చెబుతారు. దోచుకెళ్ళిన సరుకు రుచి నచ్చింది కాబోలు, తర్వాత డబ్బిచ్చి కొనడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాళ్ళే వచ్చి ఇక్కడ కొట్లు పెట్టారు. గోదాముల మీద ఆస్బోర్న్, శాండెమన్, విలియమ్స్ లాంటి పేర్లు చూస్తే స్పెయిన్‌లో ఉన్నామా ఇంగ్లండ్‌లో ఉన్నామా అనిపిస్తుంది.

"సారా కొట్టు చూడ్డానికి ఇంత దూరమా?" అంది అమ్మ. టియో పెపె షెర్రీ తయారుచేసే పాత గోదాములకి టూర్ బుక్ చేశాను. ఎత్తయిన పైకప్పు, చీకటి, చల్లదనం, వరసలుగా పేర్చిన నల్ల పీపాలు. ఒక మూల నేల మీద తియ్యటి వైన్ పోసిన గ్లాసు, దానికి ఆనించి అగ్గిపుల్లలంత మెట్లతో చిన్న నిచ్చెన. ఎలుకల కోసమట! తాగిన ఎలుక పీపాల జోలికి రాదని ఎప్పుడో పెట్టిన అలవాటు. అమ్మ అక్కడి నుంచి కదల్లేదు, ఎలుక వస్తుందేమోనని. టూర్‌లో గైడ్ ఇంగ్లీషు బాగుంది, తొందర పెట్టలేదు. వైన్ తాగనివాళ్ళు కూడా వెళ్ళొచ్చు. తిండి సంగతికొస్తే, శనగలూ పాలకూరా కలిపి వండే కూర ఈ వైపు చాలా హోటళ్ళలో దొరుకుతుంది. మాంసం వెయ్యలేదు కదా అని రెండుసార్లు అడిగి తీసుకోండి.

రోండా అందరూ ఫొటోల్లో చూసిందే. 1793లో పూర్తయిన వంతెన, కింద వంద మీటర్ల లోయ. పగలంతా టూరిస్టు బస్సుల జనంతో వంతెన మీద కాలు పెట్టే చోటుండదు. రాత్రి అక్కడే ఉండి పొద్దున్నే చూస్తే ఊరు మనదే. మేం పాత ఊరి వైపు ఒక చిన్న ఇంట్లో దిగాం. శుభ్రంగా ఉంది, కానీ లిఫ్ట్ లేదు, మూడో అంతస్తు. అమ్మ మోకాళ్ళ పాపం నాకే. పెద్దవాళ్ళతో వెళ్తే స్పెయిన్‌లో ఎక్కడ గది తీసుకున్నా లిఫ్ట్ గురించి ముందే అడగండి.

ఊరి అంచున 1906లో కట్టిన రెయినా విక్టోరియా అనే హోటల్ ఉంది. ఏటవాలు పచ్చ కప్పులతో అచ్చం ఇంగ్లీషు ఇల్లులా ఉంటుంది. విక్టోరియా మహారాణి మనవరాలు స్పెయిన్ రాజు 13వ అల్ఫోన్సోని పెళ్ళాడిందీ ఆ ఏడాదే. ఉండటానికి మా బడ్జెట్ చాల్లేదు, కాఫీ తాగి వెనక తోటలో కూర్చున్నాం. కాఫీకి ఇచ్చిన డబ్బులు ఆ లోయ చూపుకే సరి.

ఇంతకీ ఇక్కడ ఇంగ్లీషు హోటలెందుకు? రైలు వల్ల. జిబ్రాల్టర్ కోటలో ఉండే బ్రిటిష్ ఆఫీసర్లకి ఎండాకాలం ఆ రాతి మీద ఊపిరాడేది కాదు. జిబ్రాల్టర్‌కి బే అవతల ఉన్న అల్హెసిరాస్ నుంచి రోండా మీదుగా బొబదిల్లా జంక్షన్ దాకా లైను వేసింది లండన్ డబ్బుతో పెట్టిన కంపెనీయే. పెట్టుబడి పెట్టినాయన అలెగ్జాండర్ హెండర్సన్. 1892 కల్లా పని పూర్తయింది. తర్వాత అల్హెసిరాస్‌లో 1901లో ఒక హోటలు, రోండాలో ఇదీ కట్టారు. మన ఊటీ రైలు తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈ ప్రయాణం మొత్తంలో పెట్టిన డబ్బుకి పదింతలు తిరిగొచ్చింది అంటే ఆ రైల్లోనే. రోండా నుంచి అల్హెసిరాస్‌కి రెండు గంటల లోపే. టికెట్ చవక. గ్వాదియారో నది పక్కనే సొరంగాల్లో దూరుతూ దిగుతుంది. లోయ దాటాక కార్క్ చెట్ల అడవి. తొమ్మిదేళ్ళకోసారి బెరడు ఒలుస్తారు, ఒలిచిన మొదళ్ళు ఎర్రగా, మోకాళ్ళ దాకా లంగా ఎత్తుకున్నట్టు. కిందికొచ్చే కొద్దీ కరెంటు స్తంభాల మీద కొంగ గూళ్ళు. ఎడమ వైపా కుడి వైపా అని వెతుక్కోకండి, రెండు వైపులా బాగుంటుంది. రైళ్ళు రోజుకి కొన్నే. ఒకటి తప్పితే గంటల తరబడి కూర్చోవాలి, లైను మీద పనులుంటే మధ్యలో బస్సు ఎక్కిస్తారు. టైము ముందురోజు సరిచూసుకోండి.

అల్హెసిరాస్‌లో రేవు తప్ప మాకేమీ కనిపించలేదు. బస్సు మారి లా లీనియా వెళ్ళిపోయాం.

లా లీనియా అంటే 'గీత'. జిబ్రాల్టర్ ముందు స్పెయిన్ కట్టుకున్న రక్షణ గోడల వరస పేరే ఊరికి మిగిలింది. బస ఇక్కడ పెట్టుకుంటే జిబ్రాల్టర్‌లో ఒక రాత్రికయ్యే ఖర్చుతో ఇక్కడ రెండు రాత్రులు గడిచిపోయాయి మాకు. మేం దిగిన అపార్ట్‌మెంట్ మాత్రం వద్దనే చెప్తాను. గీజర్ పనిచెయ్యలేదు, ఓనర్‌కి మెసేజ్ పెడితే రాత్రి పదింటికి "రేపు చూస్తాం" అని జవాబు. ఆ రేపు మేం ఖాళీ చేశాక వచ్చింది. అమ్మ కుక్కర్ గిన్నెలో నీళ్ళు కాచుకుని స్నానం చేసింది. మధ్యాహ్నం రెండు నుంచి అయిదు దాకా ఊరంతా షట్టర్లు దించేస్తుంది, కాబట్టి పాలూ పెరుగూ ముందే తెచ్చుకోవాలి.

మర్నాడు పొద్దున నడిచి సరిహద్దు దాటాం. ఇటు నుంచి రోజూ దాదాపు 15 వేలమంది అటు పనికి వెళ్తారు, ఆ జనంతో కలిసి ఇరవై నిమిషాల క్యూ. దాటగానే విమానాశ్రయం రన్‌వే. కార్లకి ఆ ఏడాదే కిందనుంచి సొరంగం తెరిచారు గానీ నడిచేవాళ్ళు ఇంకా రన్‌వే మీదుగానే వెళ్తారు. గేటు పడింది, ఎర్ర లైటు, సైరన్. రైల్వే గేటు దగ్గర సైకిళ్ళతో ఆగినట్టు ఆగాం. విమానం మా ముందు నుంచే దూసుకుపోయింది. అమ్మ కొంగు రెండు చేతులా పట్టుకుని, "ఇది నాకు చాలే, ఇంటికి పోదామా?" అంది.

1704లో స్పెయిన్ సింహాసనం కోసం యుద్ధం జరుగుతుంటే అడ్మిరల్ రూక్ నడిపిన ఇంగ్లీషు, డచ్చి ఓడలు ఈ కొండని పట్టుకున్నాయి. 1713 యుట్రెక్ట్ ఒప్పందంతో అధికారికంగా బ్రిటన్‌ది అయింది. అప్పటి నుంచి స్పెయిన్ అడుగుతూనే ఉంది. 1967లో ఓటు పెడితే బ్రిటన్‌తో ఉంటామన్నవాళ్ళు 12,138 మంది, స్పెయిన్‌తో అన్నవాళ్ళు 44. రెండేళ్ళకే స్పెయిన్ నియంత ఫ్రాంకో సరిహద్దు మూయించాడు. 1982 డిసెంబర్‌లో మనుషుల వరకు తెరిచారు, బండ్లకి 1985 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పదమూడేళ్ళూ అన్నదమ్ములు కంచెకి చెరోవైపు నిలబడి కేకలేసి మాట్లాడుకున్నారు, పుట్టిన పిల్లల్ని ఎత్తి చూపించుకున్నారు.

పైకి వ్యాన్ టూర్ తీసుకున్నాం. అక్కడే తప్పు చేశాను. డ్రైవర్‌కి తర్వాతి బేరం మీదే ధ్యాస. 1779 నుంచి 1783 వరకు స్పెయిన్, ఫ్రాన్స్ కలిసి సాగించిన మహా ముట్టడిలో బ్రిటిష్ సైనికులు రాతిలో తొలిచిన సొరంగాలకి ఇచ్చింది పావుగంట. దానికి తోడు తూర్పుగాలి వీస్తోంది. ఆ గాలికి కొండ నెత్తిన తెల్లమబ్బు టోపీలా కూర్చుంటుంది, కింద ఊళ్ళో ఎండ ఉన్నా పైన జలసంధి అవతలి ఆఫ్రికా కాదు కదా పక్కవాళ్ళు కూడా కనపడరు. కోతులు మాత్రం దగ్గరగానే కనిపించాయి. అమ్మకి శ్రీశైలం అనుభవం ఉంది కాబట్టి సంచి చీరలో దాచేసింది. మా వెనకావిడ చిప్స్ ప్యాకెట్ పోయింది.

మెయిన్ స్ట్రీట్ అంతా సెంట్లు, సిగరెట్లు, ఎర్ర ఫోన్ డబ్బాలు, చేపా చిప్సూ. త్వరగా దాటెయ్యొచ్చు అనుకుంటుండగా ఒక ఎలక్ట్రానిక్స్ కొట్లోంచి హిందీ వినపడింది. సింధీవాళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలోనే ఇక్కడికొచ్చి వ్యాపారం పెట్టారు. ఇంజనీర్ లేన్‌లో గుడి కూడా ఉంది. కొట్టాయన మాతో హిందీ, పక్క కస్టమర్‌తో ఇంగ్లీషు, కూతురితో మాత్రం వాక్యం స్పానిష్‌లో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగిస్తున్నాడు. దాన్ని యానిటో అంటారు, ఊరి భాష. కేక్‌ని 'కెకి' అంటారు. "బస్ మిస్సయ్యా, ఆటోలో వచ్చా" అనే మనకి ఇందులో వింతేం లేదు గానీ, రెండు దేశాలు మూడొందల ఏళ్ళు పేచీ పడుతుంటే ఈ ఊరు మాత్రం ఒకే వాక్యంలో ఇద్దరినీ కూర్చోబెట్టేసింది.

కొట్టాయనే కలెంతితా తినమన్నాడు. శనగపిండి, నీళ్ళు, నూనె, ఉప్పు, మిరియాల పొడి కలిపి ఓవెన్‌లో కాల్చిన ముక్క. పైన కరకరలాడుతూ, లోపల మెత్తగా. "ఇందులో ఇంత ఇంగువ, పచ్చిమిర్చి పడితే..." అని అమ్మ మూడో ముక్క తీసుకుంది. బేకరీల్లో అడగండి, పొద్దున్నే అయిపోతుంది. చిల్లర జిబ్రాల్టర్ పౌండ్లలో ఇస్తారు, అవి లండన్ కొట్లలో చెల్లవు. నా దగ్గర ఇరవై నోటొకటి ఇంకా ఉంది.

వీసా సంగతి: మేం వెళ్ళినప్పుడు జిబ్రాల్టర్‌లో అడుగుపెడితే షెంజెన్, అంటే యూరప్ దేశాల ఉమ్మడి వీసా ప్రాంతం, దాటినట్టే లెక్క, తిరిగి రావాలంటే మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాల్సిందే. 2025 జూన్‌లో కంచె తీసేసే ఒప్పందానికి బ్రిటన్, యూరోపియన్ యూనియన్ అంగీకరించాయి, కాబట్టి వెళ్ళేముందు కొత్త రూల్స్ చూసుకోండి.

శాన్ రోకె మా ప్లాన్‌లో లేదు. మలగా బస్సుకి టైముంటే లా లీనియా నుంచి ఊరికే వెళ్ళాం. తెల్లగోడల ఊరు, ఎత్తు మీద. టూరిస్టు ఒక్కడు లేడు, ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు లేరు, లగేజీ పెట్టే చోటు లేదు. 1704లో కొండ చెయ్యి మారాక అక్కడి స్పానిష్ కుటుంబాల్లో చాలామంది కట్టుబట్టలతో బయటపడి ఈ దిబ్బ మీద చేరారు. గుళ్ళో విగ్రహాలూ ఊరి కాగితాలూ మోసుకొచ్చుకున్నారు. 1706 నుంచి ఇది ఊరైంది. ఊరి బిరుదులో ఇప్పటికీ "జిబ్రాల్టర్ నివసించే చోటు" అనే ఉంటుంది. అంటే వాళ్ళ లెక్కలో ఊరు కదిలింది, రాయి మాత్రమే అక్కడ ఉండిపోయింది.

చర్చిలో అమ్మకి ఇది చెప్పాను. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు శ్రీశైలం డ్యామ్ ముంపులో పోయింది. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్ళీ కట్టడం అమ్మకి తెలుసు. ఏమీ అనలేదు. బయటికొచ్చి సందు చివరికి నడిచింది. అక్కడి నుంచి బే అవతల జిబ్రాల్టర్ కొండ కనిపిస్తోంది, మబ్బు టోపీ తీసేసి.

"రోజూ కనపడతా ఉంటుందేమే వీళ్ళకి," అంది. "మాది నీళ్ళల్లో మునిగింది, నయం."

మెయిన్ స్ట్రీట్‌లో కొన్న మాగ్నెట్ నా బ్యాగ్‌లోనే ఉంది. దాని మీద ఎర్ర రంగు కోట, కింద వేలాడే తాళంచెవి. 1502లో ఇసబెల్లా రాణి జిబ్రాల్టర్‌కి ఇచ్చిన గుర్తు. ఇక్కడి ఊరి గుర్తూ అదే కోట, అదే తాళంచెవి. అమ్మ మాగ్నెట్ తీసుకుని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసింది. బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది.